నామ్‌దఫాకు ఏడు రోజులు చాలతాయా?

అడిగినది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి నలుగురు. ఆఫీసు సెలవు 7 రోజులు. వెళ్తే మే నెలలో, లేదంటే డిసెంబరు చివరి వారంలో. అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్‌దఫా పులుల అభయారణ్యంలో నది దాటి అడవి లోపలి రాణీఝీల్ దాకా నడవాలి, వీలైతే మయన్మార్ సరిహద్దు మీది విజయనగర్ కూడా చూసి రావాలి. అడవి నడక అనుభవం నల్లమలలో చేసినంత.

ముందు తేల్చాల్సినవి తేల్చేస్తాను. మే నెల మాట మరిచిపోండి. డిసెంబరు చివరి వారం కూడా వద్దు. 7 రోజుల్లో రాణీఝీల్ కుదరదు, విజయనగర్ అసలే కుదరదు. ఆ 7 రోజులే ఉంటే అడవిలో రెస్ట్ హౌస్ ఉన్న దెబాన్‌లో దిగి, నది అవతలి మొదటి మకాం హల్దీబారీ దాకా వెళ్లి రండి. అదీ మంచి యాత్రే. లోపలికి పోవాలంటే ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి 11, 12 రోజులు పెట్టుకోండి. ఎందుకో కింద చెబుతున్నాను.

నామ్‌దఫా చాంగ్లాంగ్ జిల్లాలో, మయన్మార్ సరిహద్దును ఆనుకుని 1,985 చదరపు కిలోమీటర్ల అడవి. 1983 నుంచి అటు జాతీయ పార్కు, ఇటు పులుల అభయారణ్యం కూడా. కర్కట రేఖకు చాలా ఉత్తరాన, 27 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నా, కింది భాగమంతా హొల్లాంగ్, మెకాయ్ లాంటి మహావృక్షాలతో నిండిన సతత హరిత వర్షారణ్యం. ప్రపంచంలో ఇంత ఉత్తరాన పల్లపు వర్షారణ్యం ఇంకెక్కడా కనిపించదు. సుమారు 200 మీటర్ల ఎత్తు నుంచి 4,571 మీటర్ల దఫా బుమ్ శిఖరం దాకా నేల లేస్తుంది. అందుకే పెద్దపులి, చిరుతపులి, మబ్బుచిరుత, మంచుచిరుత నాలుగూ ఈ ఒక్క హద్దులోనే ఉన్నాయని చెబుతారు. చెబుతారు అనే అంటున్నాను, ఎందుకంటే మీకు ఏదీ కనిపించదు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి లాంటిది కాదు. అక్కడ ఎండాకాలం ఆకు రాలితే వంద గజాల అవతల దుప్పి కనిపిస్తుంది. ఇక్కడ పది అడుగుల అవతల ఏముందో తెలియదు. పొద్దున్నే హులాక్ గిబ్బన్లనే తోకలేని కోతుల కూత, తల మీదుగా పోయే హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి రెక్కల చప్పుడు, ఇసుక మీద జంతువుల అడుగుజాడలు, వీటికోసం వెళ్లేవాళ్లకు నామ్‌దఫా. జీపు సఫారీలో పులిని చూడాలనుకుంటే మహారాష్ట్రలోని తడోబాకు వెళ్లండి, డబ్బూ కాలమూ కలిసొస్తాయి.

ఇక నెలల సంగతి. మనకు వానాకాలం జూన్‌లో కదా, మేలో పొడిగానే ఉంటుందని అనుకుంటారు. ఈశాన్యంలో ఆ లెక్క చెల్లదు. మార్చి దాటితే ఉరుముల వానలు మొదలవుతాయి, ఏప్రిల్, మే నెలల్లో గట్టిగా కురుస్తాయి, ఆ వెనకే రుతుపవనాలు వస్తాయి. మేలో నోవా దిహింగ్ నది పోటెత్తి ఉంటుంది, పడవ వేయరు. దారి నిండా జలగలు. కొండచరియలు జారి, అడవికి ముందున్న చివరి బజారు ఊరు మియావ్ నుంచి దెబాన్ వెళ్లే రోడ్డే తెగిపోవచ్చు. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా సరైన కాలం.

మరి డిసెంబరు చివరి వారం ఎందుకు వద్దు? అక్కడ మోత కూలీలుగా, గైడ్లుగా వచ్చేవాళ్లలో లీసులు ఎక్కువ. యోబిన్ అని కూడా అంటారు. వాళ్లు క్రైస్తవులు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఊరు వదిలి రారు, రమ్మనడమూ పద్ధతి కాదు. సరిగ్గా అప్పుడే మన సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ సెలవులు దొరుకుతాయి. డిసెంబరు మొదటి రెండు వారాలు గానీ, సంక్రాంతి సెలవులకు ముందో వెనకో ఇంకో వారం కలుపుకుని జనవరిలో గానీ పెట్టుకోండి. మన సంక్రాంతి నాడే అస్సాంలో మాఘ్ బిహు. ఆ రెండు రోజులూ బండ్లు దొరకడం కష్టం, కాబట్టి ఆ తేదీల్లో తిన్‌సుకియా రోడ్డు మీద కాకుండా అడవిలోనే ఉండేలా చూసుకోండి.

ప్రయాణం. విమానమైతే డిబ్రూగఢ్. రైలైతే న్యూ తిన్‌సుకియా జంక్షన్. కన్యాకుమారి–డిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం మీదుగానే పోతుంది. విజయవాడలో ఎక్కితే రెండు రోజులకు పైనే ప్రయాణం, శీతాకాలం పొగమంచుకు ఇంకో పూట ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు. వెళ్లేటప్పుడు రైలు ఫరవాలేదు. వచ్చేటప్పుడు మాత్రం తేదీ మార్చుకోగల విమానం టికెట్ కొనండి. ఆ అదనపు సొమ్మే ఈ యాత్రకు అసలు బీమా.

డిబ్రూగఢ్ నుంచి తిన్‌సుకియా, డిగ్బోయ్, మార్గరిటా, లేడో, జాగున్, ఖర్సాంగ్ మీదుగా మియావ్ సుమారు 160 కిలోమీటర్లు. బండి నాలుగైదు గంటల్లో చేరుస్తుంది, మధ్యలో బంద్ లేకపోతే. అస్సాంలో బంద్ పిలుపు ఒక రోజు ముందు వస్తుంది, కాబట్టి బయల్దేరే ముందు రాత్రి డ్రైవరును అడగండి. మియావ్ నుంచి దెబాన్ మరో 25 కిలోమీటర్ల చిల్లర. దూరం తక్కువే కదా అని చిన్న కారు తీసుకెళ్లకండి. దారిలో వాగులు దాటాలి, అడుగు భాగం నేలకు ఎత్తుగా ఉన్న సుమో, బొలెరో లాంటివే నయం.

అనుమతులు రెండు రకాలు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి. మొదటిది రాష్ట్రంలో అడుగుపెట్టడానికి ఇన్నర్ లైన్ పర్మిట్, ఐఎల్‌పీ. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. దరఖాస్తులో వెళ్లే చోటుగా చాంగ్లాంగ్ జిల్లా, మియావ్ ఉండేలా చూసుకోండి. తవాంగ్ అని పెట్టి తీసుకున్న కాగితంతో ఇటు వస్తే గేటు దగ్గర ఇబ్బంది. తేదీల్లో రెండు రోజులు ఎక్కువే రాయించండి. ఒక్కొక్కరూ ఐఎల్‌పీ, ఆధార్ నకళ్లు ఆరేసి దగ్గర పెట్టుకోండి. ఫోన్లో చూపిస్తామంటే సిగ్నల్ లేని చోట, చార్జింగ్ అయిపోయిన చోట కుదరదు. రెండోది అడవిలోకి అనుమతి. అది మియావ్‌లోని ఫీల్డ్ డైరెక్టర్ ఆఫీసులో తీసుకోవాలి. దెబాన్ రెస్ట్ హౌస్ గదులూ అక్కడే. శనివారం మధ్యాహ్నం మియావ్ చేరితే సోమవారం దాకా టీ తాగుతూ కూర్చోవాల్సిందే. పనిదినం పొద్దున ఆఫీసు తెరిచే వేళకు అక్కడ ఉండేలా లెక్క వేసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి, లోపల చౌకీల్లో అదే చూపించాలి.

అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడు ఎవరైనా కలుస్తుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది కదా అని ఐఎల్‌పీ పెట్టకండి. ఈ విషయంలో ఓసీఐ వాళ్లూ విదేశీయుల కిందే లెక్క, ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి, అది గుర్తింపు ఉన్న టూర్ ఆపరేటర్ ద్వారా వస్తుంది. ఇంకో మాట. శాటిలైట్ ఫోను, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ సందేశ పరికరాలు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడటం నేరం. విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే అడవి బదులు పోలీసు స్టేషను చూడాలి. అక్కడే వదిలేసి రమ్మనండి. డ్రోనూ అంతే.

ఈ నడకకు రోడ్డు దెబాన్ దాకానే. అక్కడి నుంచి నోవా దిహింగ్ దాటితే కాలిబాట. మొదటి మకాం హల్దీబారీ, దెబాన్ నుంచి 5 కిలోమీటర్లు. ఆ తర్వాత హార్న్‌బిల్ క్యాంపు, మొత్తం 9 కిలోమీటర్లు. దాని తర్వాత బుల్బులియా. నేలలోంచి నీళ్లు బుడబుడమని పొంగే ఊటలు ఉండబట్టి ఆ పేరు. ఆ తర్వాత రాణీఝీల్, ఫర్మ్‌బేస్. తొమ్మిది కిలోమీటర్లంటే నల్లమలలో మూడు గంటల నడక కదా అనిపిస్తుంది. ఇక్కడ మోతతో, జారే వేళ్ల మీద, పడిపోయిన మానుల కిందా పైనా దూరుతూ ఆరేడు గంటలు పడుతుంది. గంటకు కిలోమీటరున్నర అని వేసుకుంటే ఎప్పుడూ మోసపోరు.

పొద్దు సంగతి మనవాళ్లు మరిచిపోతారు. గడియారం మనదే గానీ సూర్యుడు వేరు. డిసెంబరు నెలాఖరుకు అక్కడ ఆరుకు ముందే తెల్లారి, నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. హైదరాబాదులో అది ఇంకా సాయంత్రం టీ వేళ కూడా కాదు. చెట్ల కింద మూడున్నరకే మసక. కాబట్టి ఆరింటికి నడక మొదలుపెట్టి, ఎంత ఆలస్యమైనా రెండింటికి మకాం చేరాలి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి బయల్దేరే అలవాటు ఉంటే ఈ అడవిలో టార్చి వెలుగులో నదీ రాళ్ల మీద నడవాల్సి వస్తుంది, కాళ్లు బెణికేది అప్పుడే.

నది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే యాత్రలు చెడేది అక్కడే. శీతాకాలంలో నీరు తగ్గి పాయలుగా పారుతుంది. దెబాన్ దగ్గర పడవ మీద దాటిస్తారు, నీరు బాగా తగ్గాక వెదురు వంతెనలూ కడతారు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువ కొండల్లో రాత్రి వాన పడితే తెల్లారేసరికి పడవ నడవదు. పెరిగిన నీరు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. అంటే మీరు అవతలి ఒడ్డున ఉండిపోతారు. రెండు రోజులు ఎక్కువ తిండి, రెండు రోజులు ఎక్కువ సెలవు ఉంటే అది విశ్రాంతి. లేకపోతే విమానం పోతుందన్న భయంతో మోకాలి లోతే కదా అని దిగుతారు. ఆ నీళ్లు మంచు కొండల నుంచి వచ్చేవి, అడుగున గుండ్రాళ్లు నాచు పట్టి ఉంటాయి. మోకాలు దాటిన వేగమైన నీటిలో మనిషి నిలవలేడు. పాయలు దాటేటప్పుడు చెప్పులు విప్పకండి, సంచి నడుము పట్టీ ఊడదీసి ఉంచండి, ప్రవాహం వైపు మొహం పెట్టి కర్ర ముందు ఆనించి అడ్డంగా జరగండి. దారి గైడు చూపించాలి, మీరు ఎంచుకోకూడదు.

7 రోజుల లెక్క చూద్దాం. మొదటి రోజు విమానం, తిన్‌సుకియాలో రాత్రి. రెండో రోజు మియావ్, అనుమతి, సరుకులు. మూడో రోజు దెబాన్. నాలుగో రోజు నది దాటి హల్దీబారీ. ఐదో రోజు వెనక్కి దెబాన్. ఆరో రోజు చేతిలో మిగిలిన ఒక్క రోజు. ఏడో రోజు డిబ్రూగఢ్. ఆ ఆరో రోజును కూడా హార్న్‌బిల్ క్యాంపుకు వాడేద్దామని అనిపిస్తుంది, వాడకండి. రాణీఝీల్‌కు నది అవతల 6 రోజులు, నది పొంగితే ఆగడానికి అదనంగా 2 రోజులు, ఇటూ అటూ ప్రయాణం నాలుగు. అందుకే 12 అన్నది.

తిండి లెక్క మొదటిసారి వెళ్లేవాళ్లకు అర్థం కాదు. దెబాన్ తర్వాత అంగడి లేదు, చివరి బజారు మియావ్. మోసేవాళ్లకూ మీరే పెట్టాలి, కాబట్టి మనుషులు పెరిగితే మోత పెరుగుతుంది, మోత పెరిగితే మనుషులు పెరుగుతారు. మనిషికి రోజుకు బియ్యం 450 గ్రాములు, పప్పు 80, ఆలుగడ్డలు ఉల్లిపాయలు కలిపి 250, నూనె 40, ఉప్పు, చక్కెర, టీపొడి, పాలపొడి అన్నీ కలిపి 50. మొత్తం 870 గ్రాములు. మీరు నలుగురు, గైడు, వంటమనిషి, ఆరుగురు మోత కూలీలు, వెరసి 12 మంది. ఎనిమిది రోజులకు దాదాపు 84 కిలోలు. ఆ దారిలో మనిషి మీద 20 కిలోలు మించి వేయకూడదు. అంటే నలుగురి మోత తిండికే సరి. మిగిలిన ఇద్దరికి గుడారాలు, గిన్నెలు, టార్పాలిన్. మీ బట్టలు, పరుపు సంచీ (స్లీపింగ్ బ్యాగు) మీరే మోయాలి. ఆలుగడ్డల్లో సగం తీసేసి మీల్‌మేకర్ పెడితే పది కిలోలు తగ్గుతాయి. కందిపొడి, చింతపండు, ఎండు కారప్పొడి తీసుకెళ్లండి, బరువు లేదు, మూడో రోజు నుంచి వాటి విలువ తెలుస్తుంది. నూనె తేలే ఆవకాయ సీసా మాత్రం వద్దు. సంచిలో కారితే ఆ వాసన పోదు, చీమలు వదలవు. తిరుగు ప్రయాణానికి కావలసిన బియ్యం రేకు డబ్బాలో హార్న్‌బిల్ క్యాంపులో ఉంచి పైకి వెళ్లొచ్చు. గోనెసంచిలో ఉంచితే ఎలుకలకు విందు.

వంటగ్యాసు డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు. పొయ్యి గురించి గైడునే అడగండి. ఎక్కడ మంట వేయొచ్చో ఎక్కడ కూడదో వాళ్లకు తెలుసు. నగదు తిన్‌సుకియాలోనే తీసుకోండి, మియావ్ ఏటీఎంను నమ్ముకుని రావొద్దు. కూలీ రేట్లు బయల్దేరే ముందే తేల్చుకోండి. నది పొంగి ఆగిపోయిన రోజుకూ కూలి ఇస్తారా లేదా అన్నది ముఖ్యంగా. ఇవ్వాలి. అక్కడ హిందీ చాలు.

సామాన్లలో అసలైనవి మాత్రమే చెబుతాను. ఖరీదైన తోలు ట్రెక్కింగ్ బూట్లు ఒకసారి తడిస్తే వారం ఆరవు. అడుగున రబ్బరు బొడిపెలున్న కాన్వాసు జంగిల్ బూట్లు మేలు, నీళ్లు తాగినా కారిపోతాయి. వాటిని ఇంట్లో ముందే పదిహేను రోజులు నడిచి మెత్తబరచండి. సాక్సులు మూడు జతలు నడకకు, ఒక జత రాత్రికి మాత్రమే. ఆ రాత్రి జతను ఏం జరిగినా పగలు తొడగకండి. నానిన పాదానికి ఆరేడు గంటలు పొడిగా ఉండే అవకాశం లేకపోతే చర్మం తెల్లబడి పగుళ్లు వస్తాయి, మూడో రోజుకు నడవలేరు. డ్రై బ్యాగులు కొననక్కర్లేదు. ఎరువుల బస్తా లోపల వచ్చే మందపాటి పాలిథిన్ కవరు కొత్తది సంచిలో వేసి, బట్టలు దానిలో సర్ది మూతి మెలిపెట్టి కట్టండి. గుడారం కింద పరిచే షీటు గుడారం అంచుల కన్నా బయటికి రాకూడదు. వస్తే వాన నీటిని పట్టి మీ పరుపు కిందికే తెస్తుంది. వాన లేకపోయినా తెల్లవారుజామున ఆకుల మీది మంచు టపటపా రాలుతుంది, కాబట్టి గుడారం మీద టార్పాలిన్ తప్పదు. రాత్రి చలి పది డిగ్రీల చుట్టూ, పైకి పోయేకొద్దీ ఇంకా తక్కువ. 5 డిగ్రీలకు సరిపడే పరుపు సంచి తీసుకోండి. పవర్ బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది ఒకటి మనిషికి చాలు, అది విమానంలో చేతి సంచిలోనే ఉండాలి.

జలగలు శీతాకాలంలో తగ్గుతాయి గానీ తడి లోయల్లో ఉంటాయి. మామూలు సాక్సుల అల్లిక సందులోంచి దూరుతాయి. గుడ్డతో కుట్టిన జలగ సాక్సులు ప్యాంటు మీదుగా మోకాలి దాకా కట్టుకోవాలి. పట్టిన జలగను పీకకండి, నిప్పు పెట్టకండి. గోరుతో సన్నటి మూతి వైపు నుంచి పక్కకు తోస్తే ఊడుతుంది. దాని లాలాజలం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. గోకితేనే పుండు.

నిజంగా వేధించేది నది ఒడ్డున ఉండే డిమ్‌డామ్ ఈగ. ఆవగింజంత ఉంటుంది, కుట్టిన చోట చిన్న రక్తపు చుక్క, తర్వాత వారం పాటు దురద. చేతి వేళ్లు, మెడ దాని చోట్లు. పొడుగు చేతుల చొక్కా, పల్చటి చేతి తొడుగులు పెట్టుకోండి. పాముల్లో చెట్టు ఆకుల రంగులో కలిసిపోయే పిట్ వైపర్లు ఉంటాయి. మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కాట్లకు చేసినది, వీటికి సరిగా పనిచేయదు. కాబట్టి చెయ్యి పెట్టే ముందు కొమ్మ చూడండి, రాత్రి టార్చి లేకుండా పక్కకు కూడా పోకండి. పెద్ద ఆస్పత్రి అంటే డిబ్రూగఢ్‌లోని అస్సాం మెడికల్ కాలేజీ. హార్న్‌బిల్ క్యాంపులో కాలు విరిగితే అక్కడికి చేరేసరికి ఒక రోజు పూర్తిగా పోతుంది, అదీ నది ఒప్పుకుంటే.

విజయనగర్ ఎందుకు కాదన్నానో చెప్పలేదు. మియావ్ నుంచి 157 కిలోమీటర్లు, నామ్‌దఫా గుండానే. మూడు వైపులా మయన్మార్. దశాబ్దాల పాటు అక్కడివాళ్లు ఉప్పు, బియ్యం భుజాన వేసుకుని రోజుల తరబడి నడిచారు. ఇప్పుడు పొడి నెలల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు పోతున్నాయి గానీ, ఒక్క చరియ జారితే అటువాళ్లు అటే. దారిలోని గాంధీగ్రామ్ ఊరు, విజయనగర్ కలిపి చూడాలంటే అది వేరే యాత్ర, దానికి మరో పది రోజులు. మ్యాపులో వెతికేటప్పుడు మన విజయనగరం రాకుండా చూసుకోండి, నిజంగానే వస్తుంది.

మందుల విషయం వెళ్లే ముందు డాక్టరుతో మాట్లాడండి. అక్కడి మలేరియాలో మెదడుకు ఎక్కే ఫాల్సిపారం రకం ఉంది. నివారణకు చాలామందికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ రాస్తారు. ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు ఆపకుండా వేసుకోవాలి. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, వెంటనే పడుకోకుండా. లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. మాత్ర వేసుకున్నా దోమతెర మానకండి.

ఇంటికొచ్చాక రెండు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా హైదరాబాదులో ముందు డెంగీ పరీక్షే రాస్తారు. మీరే నోరు తెరిచి అరుణాచల్ అడవిలో ఉండి వచ్చామని చెప్పి అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం ఉంటే మర్నాడు మళ్లీ. నడుము, చంకలు, తొడల సందుల్లో సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. ఉంటే అది పొదల్లోని సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, డాక్టరుకు చూపించండి.